బస్తీలో దవాఖాన ఉన్నా జబ్బులెందుకు తగ్గడం లేదు? సంఘాలు, నెట్‌వర్కులతో నిజంగా ఒరిగేదేమిటి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి, హైదరాబాద్‌లో మూసీ పక్క బస్తీల్లో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున పనిచేస్తున్నారు. బస్తీ దవాఖాన కూతవేటు దూరంలో ఉంది, మందులూ పరీక్షలూ ఉచితం, పెద్ద జబ్బుకు ఆరోగ్యశ్రీ ఉంది. అయినా వానాకాలమొస్తే వాంతులూ విరేచనాలూ, ఏడాది పొడుగునా టీబీ, నలభై దాటకముందే బీపీ, షుగర్. మీ సంస్థవాళ్లేమో మహిళా సంఘాలను బలపరుద్దాం, అన్ని శాఖలతో నెట్‌వర్క్ కడదాం అంటున్నారు. ఇది పనిచేస్తుందా, మీటింగులకే సరిపోతుందా, ఎక్కడ మొదలుపెట్టాలి, మేమే ఒక సొసైటీ రిజిస్టర్ చేయించుకుంటే ఎలా ఉంటుంది అని మీ ప్రశ్నలు.

పనిచేస్తుందమ్మా, కాకపోతే ఒక షరతు ఉంది. సంఘం ఆఫీసుల్ని అడిగేదిగా ఉంటే పనిచేస్తుంది. ఆఫీసులు చెప్పింది ఇంటింటికీ మోసే సంఘమైతే మీరు భయపడ్డట్టే మీటింగులకు, ఫొటోలకు సరిపోతుంది. మున్సిపాలిటీలో బస్తీల పని చూసే యూసీడీ (అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్) విభాగంలో కమ్యూనిటీ ఆర్గనైజర్‌గా చేరి అక్కడే రిటైరయినవాణ్ణి. రెండు రకాలనూ దగ్గరగా చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు వాంతులూ విరేచనాల సంగతి చూద్దాం. చాలా బస్తీలకు నీళ్లు రోజు మార్చి రోజు, గంటో గంటన్నరో వస్తాయి. మిగతా సమయమంతా పైపు ఖాళీ. గల్లీ సన్నం కాబట్టి నల్లా లైనూ డ్రైనేజీ లైనూ పక్కపక్కనే పోతాయి. కొన్ని ఇళ్ల కనెక్షన్ పైపు ఏకంగా మోరీలోంచే వస్తుంది. ఆ పైపు తుప్పుపట్టి చిల్లు పడిందనుకోండి, నీళ్లు వదిలినంతసేపు బయటికి కారుతుంది, ఆగగానే చుట్టూ ఉన్న మురుగును లోపలికి పీలుస్తుంది. ప్రెషర్ చాలదని ఇంటింటా మోటార్లు బిగించుకుంటారు, మోటారు వేసినకొద్దీ ఆ పీల్పు ఇంకా ఎక్కువవుతుంది. అందుకే నీళ్లు వదిలిన మొదటి కాసేపు వాసనొస్తుంది, తర్వాత తేటగా ఉంటుంది. లైన్‌మన్ వచ్చేసరికి తేట నీళ్లే కనబడతాయి. 'బాగానే ఉన్నయి కదమ్మా' అని పోతాడు. అతను అబద్ధం చెప్పడం లేదు, రావాల్సిన సమయానికి రాలేదంతే.

2009 మే నెలలో భోలక్‌పూర్‌లో జరిగింది మీకు గుర్తుండే వయసు కాదేమో. మురుగు కలిసిన నల్లా నీళ్లు తాగి పదిమందికి పైగా చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. గాంధీ ఆసుపత్రి అక్కడికి ఎంతో దూరం లేదు. అంత పెద్ద ఆసుపత్రి దగ్గర్లో ఉండి కూడా ఆ చావులు ఆగలేదు. 2018 మార్చిలో గుంటూరులోనూ దాదాపు ఇదే కథ నడిచింది. ఇలాంటిచోట దవాఖాన చేయగలిగింది సెలైన్ ఎక్కించడం. పైపు మార్చడం డాక్టరు చేతిలో లేదు.

మరి ఎవరి చేతిలో ఉంది? ఇక్కడే మన నగరాల అసలు చిక్కు. హైదరాబాద్‌లో నల్లా, భూగర్భ డ్రైనేజీ 1989లో ఏర్పడిన వాటర్ బోర్డువి. వాన నీటి నాలా, చెత్త, దోమల మందు మున్సిపల్ కార్పొరేషన్‌వి, అందులోనూ దోమలది ఎంటమాలజీ విభాగం, చెత్తది శానిటేషన్. దవాఖాన జిల్లా వైద్య ఆరోగ్య అధికారి కిందికి వస్తుంది. అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమ శాఖది. పొదుపు సంఘాలు యూసీడీవి, మిగతా పట్టణాల్లో మెప్మావి (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ). పది అడుగుల గల్లీలో ఒక పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే అది అయిదు ఆఫీసుల పని. ఆ అయిదుగురూ ఒకరి ఫోన్ నంబరు ఇంకొకరి దగ్గర లేనివాళ్లు. దవాఖాన నర్సు (ఏఎన్‌ఎం) రిజిస్టరులో 'విరేచనాలు, ఏడుగురు' అని ఉంటుంది. వాటర్ బోర్డు సెక్షన్ ఆఫీసులో అదే వారం 'నల్లాలో వాసన' అని ఫిర్యాదు ఉంటుంది. రెండు కాగితాలూ ఎప్పుడూ ఒక టేబుల్ మీదికి రావు.

ఆ రెండు కాగితాలనూ కలపగలిగేది ఆ గల్లీలో బతికే ఆడవాళ్లే. ఏ ఇంట్లో ఎవరికి జబ్బు చేసిందో, ఏ నల్లాలో ఎన్ని గంటలకు వాసనొచ్చిందో రెండూ తెలిసినవాళ్లు వాళ్లొక్కరే. ఒక బస్తీలో నేను చూసింది చెప్తాను. సంఘంలోని ఆడవాళ్లు హెచ్‌టూఎస్ సీసాలు తెప్పించుకున్నారు. చిన్న సీసా, లోపల మందు పట్టించిన కాగితం పట్టీ ఉంటుంది. గీత దాకా నీళ్లు పోసి మూతపెట్టి ఒకటి రెండు రోజులు ఇంట్లో ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే నల్లగా మారుతుంది. వాళ్లు తెల్లవారుజామున నీళ్లు వదలగానే, వచ్చిన మొదటి నీళ్లే పట్టారు. గల్లీ మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా, సీసా సీసాకూ ఇంటి నంబరు రాసిన కాగితం అంటించారు. మర్నాటికి కొన్ని నల్లబడ్డాయి. వాటిని సంచిలో వేసుకుని వాటర్ బోర్డు ఆఫీసుకు పోయి, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) టేబుల్ మీద ఇళ్ల వరసలోనే నిలబెట్టారు. మొదటి మూడు తేటగా ఉన్నాయి, నాలుగో దాని నుంచి అన్నీ నలుపే. ఏఈ కాసేపు చూసి 'మూడో ఇంటికి, నాలుగో ఇంటికి నడుమ ఏముంది?' అని అడిగాడు. మ్యాన్‌హోల్ ఉంది సార్ అన్నారు. ఇక అక్కడ పెద్ద చర్చేం జరగలేదు, గడ్డపార ఎక్కడ వేయాలో తెలిసిపోయింది. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా అదే ఆఫీసుకు 'మా బస్తీ నీళ్లు బాగాలేవు' అని అర్జీలు పోతూనే ఉన్నాయి.

ఈ సీసాలు, క్లోరిన్ చూసే చుక్కల మందు పెద్ద ఖరీదేం కాదు. నల్లా చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది మన దేశ ప్రమాణం. చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరగాలి, తిరగలేదంటే క్లోరిన్ దారిలోనే అయిపోయిందన్నమాట. ఎనిమిదో తరగతి చదివిన పిల్ల కూడా చేయగలదు. మీరు ఒక్క పనితో మొదలుపెట్టదలుచుకుంటే దీంతో మొదలుపెట్టండి. ఫలితం కంటికి కనబడుతుంది, ఎవరి మీదా నింద పడదు, రెండు నెలల్లో ఏదో ఒకటి తేలుతుంది. కొత్త సంఘానికి మొదటి గెలుపు తొందరగా దొరకడం చాలా అవసరం. టీబీతోనో తాగుడుతోనో మొదలుపెడితే ఏడాదిలోపే జనం రావడం మానేస్తారు.

సంఘాలు మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు 1967లో మొదలైంది. ఢిల్లీ, అహ్మదాబాద్, బరోడాల్లో అంతకుముందు చేసి చూసిన పద్ధతిదే, కానీ ఇక్కడ పాతుకుపోయినంతగా వేరేచోట పాతుకుపోలేదు. 1976 నుంచి యునిసెఫ్ సాయం తోడైంది. ఆరోగ్యం అని బోర్డు పెట్టుకుని మొదలైంది కాదది. ఆర్గనైజర్లు బస్తీలోకి పోయి మీకేం కావాలని అడిగేవారు. కుట్టు మిషన్ అంటే కుట్టు మిషన్, పిల్లలకు బాల్వాడీ అంటే బాల్వాడీ, నల్లా అంటే నల్లా. ఆ తర్వాత ఇళ్ల పట్టాలు, బ్యాంకు అప్పుతో సొంతంగా కట్టుకునే ఇళ్లు. పట్టా వచ్చినవాడు ఇక కూలగొట్టరన్న ధీమాతో లెట్రిన్ కట్టుకుంటాడు, కిటికీ పెట్టుకుంటాడు. నా మట్టుకు నేను, ఈ నగర బస్తీల్లో ఆరోగ్యానికి జరిగిన మేలులో పట్టాలకు ఉన్నంత వాటా ఏ హెల్త్ క్యాంపుకూ లేదంటాను.

1983లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో స్లమ్ ఇంప్రూవ్‌మెంట్ ప్రాజెక్టు వచ్చింది, 1988లో విశాఖకు, తర్వాత విజయవాడకూ వెళ్లింది. సీసీ రోడ్లు, డ్రైన్లు, వీధి దీపాలు వచ్చాయి, మంచిదే. కానీ డబ్బు ఎక్కువొచ్చేసరికి ఇంజనీర్లు ముందుకొచ్చారు, ఆర్గనైజర్లు వెనక్కి జరిగారు. 1990ల్లో ప్రపంచబ్యాంకు డబ్బుతో ఐపీపీ-8 (ఇండియా పాపులేషన్ ప్రాజెక్టు) కింద బస్తీకీ ఆరోగ్య కేంద్రానికీ నడుమ లింక్ వాలంటీర్లను పెట్టారు. ప్రాజెక్టు అయిపోయింది, వాలంటీర్లూ చెదిరిపోయారు. తర్వాత సంఘమంటే పొదుపు, బ్యాంకు లింకేజీ అన్నట్టయింది. ఇప్పుడు మీ బస్తీలో సంఘం మీటింగుకు వెళ్లి చూడండి, ఎనభై శాతం సమయం వాయిదా ఎవరు కట్టలేదు అన్నదానికే పోతుంది. తప్పని కాదు, ఆ అప్పు వాళ్లకు ఊపిరి. కానీ నీళ్ల గురించి మాట్లాడదామంటే సంఘాలను చూసుకునే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) గడియారం చూస్తుంది.

2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పుడు కాగితం మీద ఏర్పాటు బాగానే రాశారు. యాభై వేల జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, రెండు వందల నుంచి అయిదు వందల ఇళ్లకు ఒక ఆశా, యాభై నుంచి వంద ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి. సమితికి ఏడాదికి అయిదు వేల రూపాయల అన్‌టైడ్ ఫండ్, అంటే దేనికి ఖర్చుపెట్టాలో సమితే తేల్చుకునే డబ్బు. మీ బస్తీలో సమితి ఉందో లేదో ముందు కనుక్కోండి. ఆశాను అడిగితే రిజిస్టరు చూపిస్తుంది. పేర్లుంటాయి, సంతకాలుంటాయి. ఆ పేర్లు పట్టుకుని ఇంటింటికీ పోయి 'మీరు సమితిలో ఉన్నారు కదా' అని అడగండి. సగం మంది 'అట్లనా?' అంటారు. ఆశాను నిందించకండి. వేతనం లేదు, ఇన్సెంటివే దిక్కు, తలకు మించిన సర్వేలు. పై నుంచి సమితి కావాలంటే సమితిని రాసి పెట్టింది.

ఇప్పుడు మీ ప్రశ్నకు గట్టి జవాబు కావాలంటే రెండు పరిశోధనలు పక్కపక్కన పెట్టి చూడాలి. జార్ఖండ్, ఒడిశా గిరిజన పల్లెల్లో 2005 నుంచి మూడేళ్లపాటు ఆడవాళ్ల సంఘాలతో నెలనెలా కూర్చుని, కాన్పుల్లో ఏం జరుగుతోంది, మనం ఏం చేయగలం అని చర్చలు నడిపారు. సంఘాలున్న ఊళ్లలో నెలలోపు శిశు మరణాలు దాదాపు మూడో వంతు తక్కువ నమోదయ్యాయి. ముంబై మురికివాడల్లోనూ దాదాపు అదే కాలంలో, 48 బస్తీ సమూహాలు తీసుకుని సగంలో ఇలాంటి సంఘాలు నడిపి చూశారు. అక్కడ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. సంఘాలు కడితే చాలు అన్నీ అవే బాగుపడతాయి అనేవాళ్లు ఈ రెండో దాని ఊసెత్తరు.

ఎందుకు తేడా రాలేదన్నదానికి నాకు తోచింది ఇది. పల్లెలో కాన్పు ఇంట్లో జరిగేది. బొడ్డు ఎలా కోయాలి, బిడ్డను వెచ్చగా ఎలా ఉంచాలి అన్నవి ఆడవాళ్లు తమలో తాము మార్చుకోగలిగినవి. ముంబైలో కాన్పు అప్పటికే ఎక్కువగా ఆసుపత్రిలో జరుగుతోంది. అక్కడ మారాల్సింది ఆసుపత్రి, రెఫరల్, అంబులెన్సు, నీళ్లు, అద్దె గది. వాటిలో ఏదీ సంఘంలో కూర్చుని మాట్లాడుకుంటే మారదు. ఊళ్లో సంఘానికి మాట్లాడుకోవడం సరిపోవచ్చు. నగరంలో సంఘం చేయి ఆఫీసుల దాకా చాచగలగాలి, అందుకే మీ సంస్థవాళ్లు అంటున్న నెట్‌వర్క్ అవసరం. కాకపోతే నెట్‌వర్కంటే హోటల్లో వర్క్‌షాప్ పెట్టి బ్యానర్ కింద ఫొటో దిగడమని వాళ్లు అనుకుంటున్నారేమో ముందు కనుక్కోండి.

నెట్‌వర్క్ ఎలా ఉంటే పనిచేస్తుందో మన ఊళ్లోనే మంచి ఉదాహరణ ఉంది. 1995లో ఏసీ గార్డ్స్‌లోని మహావీర్ ఆసుపత్రి ప్రభుత్వంతో కలిసి లక్ష జనాభాకు టీబీ చికిత్స బాధ్యత తీసుకుంది, మూడేళ్లకు దాన్ని అయిదు లక్షలకు పెంచింది. మందులు ప్రభుత్వం ఇచ్చింది. కఫం పరీక్ష, రికార్డులు ఆసుపత్రి చూసుకుంది. చుట్టుపక్కల ప్రైవేటు డాక్టర్లు అనుమానం ఉన్నవాళ్లను పంపేవారు, చిన్న నర్సింగ్‌హోములు రోగికి దగ్గర్లో మందు మింగించే చోట్లయ్యాయి. ఇక్కడ చూడాల్సింది, ప్రతి ఒక్కరికీ ఒకే ఒక్క పని అప్పగించారు, ఆ పని వల్ల ఎవరికీ నష్టం రాలేదు. ప్రైవేటు డాక్టరుకు తన పేషెంటు చేజారిపోతాడన్న భయం లేకుండా, చికిత్స సంగతి తిరిగి ఆయనకే చెప్పేవారు. 'అందరం కలిసి పనిచేద్దాం' అన్న మాట మీద నడిచిన నెట్‌వర్కు ఒక్కటీ నేను చూడలేదు.

మీ బస్తీలో ఆ లెక్కన ఆలోచిస్తే పట్టించుకోవాల్సిన మొదటి మనిషి ఆర్‌ఎంపీ డాక్టరు. మొహం చిట్లించకండి. బస్తీ దవాఖాన చాలాచోట్ల ఉదయం తొమ్మిదింటికి తెరిచి సాయంత్రం నాలుగింటికి మూస్తారు. తాపీ పనివాడు ఆ వేళకు అడ్డా మీద నిలబడి పనికి పోయి ఉంటాడు. ఇళ్లలో పనిచేసే ఆవిడ నాలుగో ఇంటి అంట్లు తోముతుంటుంది. ఒక పూట దవాఖానకు పోవడమంటే ఆ రోజు కూలి పోయినట్టే. రాత్రి ఎనిమిదింటికి తెరిచి ఉండేది ఆర్‌ఎంపీ, మందుల షాపు. దగ్గు రెండు వారాలు దాటినవాడు మొదట పోయేదీ అక్కడికే. అతనితో కూర్చుని 'రెండు వారాల దగ్గు, బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం ఉంటే ఈ చీటీ ఇచ్చి పంపు' అని ఒక్క పని ఒప్పించండి. ఇంజక్షన్లు మానేయమని మొదటి రోజే చెప్తే మళ్లీ మిమ్మల్ని గడప తొక్కనివ్వడు.

దవాఖాన వేళల సంగతికొస్తే, పట్టణ ఆరోగ్య మిషన్ మార్గదర్శకాల్లోనే పట్టణ ఆరోగ్య కేంద్రం ఓపీ మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉండాలని రాశారు. బీపీ, షుగర్ గోలీలు నెలకోసారి తెచ్చుకోవాల్సినవాళ్లకు వారంలో రెండు సాయంత్రాలు తెరిచినా చాలు. ఇది సంఘం అడగదగ్గ కోరిక. ఎంతమంది గోలీలు నడుమలో మానేశారో, ఎందుకు మానేశారో ఇంటింటా రాసుకుని ఆ లెక్కతో అడగండి. పక్షవాతం వచ్చి మంచాన పడ్డవాళ్లు ఏ గల్లీలో ఎందరో కూడా రాయండి. వాళ్లలో ఎక్కువమంది గోలీలు మానేసినవాళ్లే అయి ఉంటారు.

అడగడం గురించి ఇంకొంచెం చెప్పాలి. ఇండోర్‌లో ఒక సంస్థ బస్తీ ఆడవాళ్ల సంఘాలతో చేయించిన పద్ధతి నాకు నచ్చింది. గొడవ లేదు, ధర్నా లేదు. ఒక అర్జీ, ఒకే విషయం, అందరి సంతకాలు. ఆఫీసులో ఇచ్చి జిరాక్స్ మీద ముద్ర వేయించుకోవడం. జవాబు రాకపోతే పాత అర్జీ కాపీ జతచేసి రిమైండరు, మళ్లీ రిమైండరు. మర్యాదగా, విసుగు లేకుండా. మన దగ్గరా ఇది బాగా నడుస్తుంది. సోమవారం ప్రజావాణికి పోయేటప్పుడు ఆ ముద్రల కట్ట పట్టుకుపోతే కలెక్టరు ముందు ఆ శాఖవాళ్లు 'మా దృష్టికి రాలేదు సార్' అనలేరు. అర్జీలో బస్తీ పేరు రాసి వదిలేయకండి. ఇంటి నంబరు, కరెంటు స్తంభం నంబరు, మ్యాన్‌హోల్ ఎక్కడుందో, ఫొటో తీసిన తేదీ, టైము రాయండి. అయిదుగురు పోండి, అందులో మాట్లాడేది ఇద్దరే. బస్తీ లీడరును వెంటబెట్టుకుని పోవద్దు, అతను వస్తానన్నా సరే. పని అయితే తన ఖాతాలో వేసుకుంటాడు, కాకపోతే పార్టీల గొడవవుతుంది.

ఫైలు ఎక్కడ దాచాలన్నది చిన్న విషయంలా కనబడుతుంది కానీ కాదు. మీ సంస్థ ఆఫీసు బీరువాలో దాస్తే మీ ప్రాజెక్టుతోపాటే అదీ పోతుంది. సంఘంలో ఒకరింట్లో, రేకు పెట్టెలో ఉండాలి.

ఇక సంఘంలో ఎవరుండాలి? సాధారణంగా సంఘంలో ఉండేది పై గల్లీ ఆడవాళ్లు, సొంత ఇల్లున్నవాళ్లు, ఓటు, రేషన్ కార్డు ఉన్నవాళ్లు. నాలా ఒడ్డున కిరాయికుండేవాళ్లు, పాలమూరు నుంచి, ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్లు, చెత్త ఏరుకునేవాళ్లు వాళ్లలో ఉండరు. ఇంటి యజమానే సంఘం అధ్యక్షురాలైతే కిరాయిదారు లెట్రిన్ గురించి ఎలా మాట్లాడుతుంది? రెండొందల ఇళ్ల సగటు తీస్తే బస్తీ బాగానే ఉందనిపిస్తుంది, ఆ నాలా ఒడ్డు వరస మాత్రం వేరే ఊరిలా ఉంటుంది. నగరానికీ బస్తీకీ మధ్య ఉన్న అంతరం గురించే అందరూ రాస్తారు, బస్తీలోపలి ఈ అంతరం ఎవరికీ పట్టదు.

అసలు లెక్కలోకే రానివాళ్లు ఇంకొందరు. 2011 జనాభా లెక్కల్లో నోటిఫై కాని, అంటే సర్కారు మురికివాడల జాబితాకెక్కని చోటును మురికివాడగా గుర్తించాలంటే కనీసం అరవై డెబ్బై ఇళ్లుండాలి. ఖాళీ ప్లాటులో పాతిక గుడిసెలు, అపార్ట్‌మెంటు కడుతున్నచోట కూలీల రేకుల షెడ్లు అందులోకి రావు. ఇరవై ఇళ్లున్నా లెక్కేసిన 2012 జాతీయ నమూనా సర్వేలో దేశం మొత్తం మీద 33,510 మురికివాడలు తేలితే, అందులో 59 శాతం నోటిఫై కానివే. ఆశా ఇంటి లిస్టు సాధారణంగా నోటిఫై అయినచోటితో మొదలవుతుంది. టీకా తప్పిపోయిన పిల్లలు, నాలుగు నెలలు దాటినా కార్డు లేని గర్భిణులు ఎక్కువగా దొరికేది ఆ లిస్టు బయటే. కాబట్టి మీరు గీసే మొదటి మ్యాపు గూగుల్‌ది కాకుండా, ఆడవాళ్లు నేల మీద ముగ్గుపిండితో గీసింది కావాలి. గూగుల్‌లో ఆ షెడ్లు ఖాళీ స్థలంగానే కనబడతాయి.

ఏ ఇల్లు ఎక్కువ ప్రమాదంలో ఉందో తేల్చడానికి అలప్పుళ పద్ధతి వాడుకోండి. కేరళలోని ఆ ఊళ్లో 1990ల మొదట్లో మున్సిపాలిటీ, యునిసెఫ్ కలిసి పోషకాహార కార్యక్రమం నడిపినప్పుడు ఆదాయం అడగడం మానేశారు. ఆదాయం అడిగితే ఎవరూ నిజం చెప్పరు మరి. దాని బదులు తొమ్మిది గుర్తులు పెట్టుకున్నారు. కచ్చా ఇల్లు, మంచినీళ్లు అందకపోవడం, లెట్రిన్ లేకపోవడం, ఇంట్లో చదువురాని పెద్దవాళ్లు, సంపాదించేది ఒక్కరే కావడం, రెండు పూటలకు మించి తిండి లేకపోవడం, అయిదేళ్లలోపు బిడ్డ, తాగుడుకో మత్తుకో బానిసైనవారు, ఎస్సీ ఎస్టీ కుటుంబం. ఇందులో నాలుగు పడితే ఆ ఇల్లు లిస్టులోకి వస్తుంది. పక్కింటివాళ్లే గుర్తు పెడతారు కాబట్టి దాచడం కుదరదు. కేరళ మహిళా సంఘాల వ్యవస్థ కుటుంబశ్రీ తర్వాత పుట్టింది ఆ ప్రయోగంలోంచే. మన బస్తీలకు నేనైతే ఇంకొకటి కలుపుతాను, కిరాయి ఇల్లు, చేతిలో ఏ కార్డూ లేకపోవడం.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, ముందే తెలిసి ఉండాలి. నల్లా బాగుపడి, సీసీ రోడ్డు పడి, మోరీకి మూత పడ్డాక కిరాయి పెరుగుతుంది. ఆ సీసాలు పట్టి తిరిగిన ఆవిడే ఇల్లు ఖాళీ చేసి ఇంకా అధ్వాన్నమైన చోటికి పోవాల్సి రావచ్చు. దీనికి నా దగ్గర మంత్రమేమీ లేదు. రోడ్డు వేయించమని అర్జీ పెట్టే రోజే, ఏడాదిపాటు కిరాయి పెంచబోమని యజమానులచేత సంఘంలో మాట తీసుకున్న బస్తీలున్నాయి. కొందరు నిలబెట్టుకున్నారు, కొందరు లేదు.

మీది మూసీ పక్క కాబట్టి ఇంకో మాట. 2024 చివర్లో నదీగర్భంలోని ఇళ్లు ఖాళీ చేయించి కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్లకు పంపారు. మీ బస్తీకీ రేపు ఆ నోటీసు రావచ్చు. ఇల్లు మారడం మంచిదా కాదా అన్న వాదన అలా ఉంచితే, మారిన నెలలో తెగిపోయేవి చాలా ఉంటాయి. టీబీ మందు నడుమలో ఉన్నవాడు కొత్తచోట ఏ కేంద్రానికి పోవాలి? ఎనిమిదో నెల గర్భిణి ఏ ఆశా లిస్టులో ఉంది? బ్లాకుల వారీగా లాటరీ తీస్తే, పక్కపక్క ఇళ్లలో ఉండి రాత్రిపూట ఆటో మాట్లాడిపెట్టే మనుషులు వేర్వేరు టవర్లలో పడతారు. టీబీ రోగులు, గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, బీపీ షుగర్ గోలీలు వాడేవాళ్ల లిస్టు ఫోన్ నంబర్లతో సహా సంఘం దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఎవరి జబ్బు సంగతి నలుగురిలో చదవకండి, ముఖ్యంగా టీబీ. ఆ లిస్టు చూసేది ఇద్దరికి మించకూడదు.

టీబీ అన్నాను కాబట్టి గుర్తొచ్చింది. చికిత్సలో ఉన్నవాళ్లకు పోషకాహారానికి 2018 ఏప్రిల్ నుంచి నెలకు అయిదు వందలు, 2024 నవంబరు నుంచి వెయ్యి రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడాలి. ఖాతా లేని, ఆధార్ జతకాని కిరాయిదార్లకు ఆ డబ్బు ఆగిపోతుంది. అలాంటివాళ్లను బ్యాంకుకు వెంటబెట్టుకుపోయి ఖాతా తెరిపించడం సంఘానికి అరపూట పని. ఒక్కసారి అలా చేసిపెడితే నాలా ఒడ్డువాళ్లు పిలవకపోయినా మీటింగుకు వస్తారు.

మెడికల్ కాలేజీలను మరిచిపోవద్దు. ప్రతి కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగానికి పట్టణ ఫీల్డ్ ప్రాక్టీస్ ఏరియా ఒకటి ఉండాలి, పీజీలకు థీసిస్ కావాలి. మీ సంఘానికి ఏ లెక్క కావాలో ఆ లెక్క వాళ్లచేత తీయించుకోండి. ఫలితాలు బస్తీలో తెలుగులో, ఉర్దూలో చదివి వినిపించాకే కాలేజీకి తీసుకుపోవాలని ముందే ఒప్పందం చేసుకోండి. లేకపోతే రక్తం గుచ్చి తీసుకుపోతారు, మళ్లీ కనబడరు.

సమితికి ఏడాదికొచ్చే ఆ అయిదు వేల ఫండు ఏ మూలకు వస్తుందని మీకు అనిపించవచ్చు. పాంప్లెట్లకు, టీ బిస్కెట్లకు పెట్టకపోతే పనికొస్తుంది. సీసాలు, క్లోరిన్ చుక్కలు, జిరాక్సులు, ఆఫీసులకు పోయే బస్సు చార్జీలు, అర్ధరాత్రి కాన్పుకు ఆటో డబ్బులు. సమితి తీర్మానం రాసి, ఖాతా చూసే ఇద్దరి సంతకాలతో తీయాలి. డబ్బు ఏడాది చివర్లో వస్తే వెంటనే ఖర్చు చూపించమని పై నుంచి ఫోన్లొస్తాయి, ఆ తొందరలోనే ఫ్లెక్సీలు పుడతాయి.

సొసైటీ రిజిస్టర్ చేయించుకోవాలా అన్నదానికి నా మాట, ఇప్పుడు వద్దు. రిజిస్ట్రేషన్ కాగానే పేరు, లెటర్‌హెడ్, ఆడిట్, అధ్యక్షుడెవరు అన్న పంచాయితీ మొదలవుతాయి. ఫండు వస్తే ఫండిచ్చినవాడి పని చేయాలి. సర్కారు గుర్తింపున్న మహిళా ఆరోగ్య సమితి ఇప్పటికే ఉంది, పొదుపు సంఘాలన్నీ కలిసిన స్లమ్ సమాఖ్య ఉంది. ఆ రిజిస్టరులో సంతకాలు మాత్రమే ఉన్నచోట మనుషుల్ని నింపండి. ఏఎన్‌ఎంను, వాటర్ బోర్డు లైన్‌మన్‌ను, అంగన్‌వాడీ టీచరును, శానిటేషన్ జవానును నెలకోసారి ఒక అరగంట అదే గల్లీలో నిలబెట్టగలిగితే చాలు, పెద్దసార్ల దాకా పోవాల్సిన పనే సగం తగ్గుతుంది. ఆ నలుగురికీ టైము ఎప్పుడు కుదురుతుందో ముందు విడివిడిగా అడగండి. నీళ్లు వదిలే రోజైతే లైన్‌మన్ ఎలాగూ అక్కడే ఉంటాడు.